అరువుల బావగారి సర్వే

మా బావగారు ఎవరింటి గుమ్మం తొక్కినా ఉత్త చేతులతో బయటికి రారు. ఇది విని ఆయన్ని మరోలా అనుకోకండి. ఆయన దొంగ కాదు, గణాంకాధికారి. దొంగ అడక్కుండా పట్టుకుపోతాడు, మా బావగారు అడిగి పట్టుకుపోతారు. దొంగ తిరిగి ఇవ్వడు. ఆయన తిరిగి ఇచ్చి, అదే చేత్తో ఇంకొకటి పట్టుకుపోతారు.

ఆయన మా అక్క భర్త. మా నగరపాలక కార్యాలయంలో పేదరికాన్ని లెక్కగట్టే శాఖ ఒకటుంది. దానికి అధిపతీ, గుమాస్తా, బంట్రోతూ అన్నీ ఆయనే. పక్క గదిలో పైపులూ మురుగుకాలవల విభాగాన్ని నేను వెలగబెడుతున్నాను. ఊళ్ళోవాళ్ళు ఆయన్ని అరువాఫీసరు అంటారు. ఆఫీసులో అరువుగారు అంటారు. మా అక్క ఏమంటుందో అచ్చులో వేసే పద్ధతి ఇంకా రాలేదు.

"చూడరా తమ్ముడూ, ఇదీ ఒక కొంపేనా? ఊళ్ళోవాళ్ళ అటకలన్నీ దులిపి నా నెత్తిన పోశారు మీ బావ" అని ఒకనాడు నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. హాల్లో ఒక నిచ్చెన, రెండు రంపాలు, చిలక లేని పంజరం, కొన్ని గొడుగులు కొలువుదీరి ఉన్నాయి. ఇంతలో బావగారు వానలో నిలువునా తడిసి వచ్చారు. చంకలో గొడుగు. అదీ మడిచి.

"గొడుగుంది కదండీ, ఎందుకు తడిసినట్టు?" అంది అక్క.

"ఎరవు తెచ్చింది కదోయ్, తడిసిపోదూ?" అన్నారాయన.

మా అక్క నావైపు చూసింది. నేను నిచ్చెనవైపు చూశాను.

తీసుకున్నది తీసుకున్నట్టు తిరిగి ఇవ్వడం ఆయనకు చేతకాదు. మెట్టు విరిగిన నిచ్చెన కొత్త మెట్టుతో వెళ్ళేది. మొద్దుబారిన రంపం పదునెక్కి వెళ్ళేది. ఈ సంగతి ఎగువ వీధి మేడలవాళ్ళకు పొక్కేసరికి వాళ్ళు ఆయన రాకను మహోత్సాహంగా వాడుకోవడం మొదలుపెట్టారు. పదవీ విరమణ చేసిన జడ్జిగారొకరు, బావగారు వస్తున్నారని తెలియగానే ఆగిపోయిన గోడగడియారాన్ని వాకిట్లో కనబడేలా పెట్టి, "ఏమయ్యా, ఇదేమన్నా కావాలా?" అని ఆయనే అడిగేవారట.

"ఇందులో లెక్కేముంది బావగారూ?" అని నేను ఒకసారి అడగకూడనిది అడిగాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. కళ్ళజోడు మాత్రం సొంతమే.

"అడిగేవాడికి చెప్పేవాడు లోకువోయ్. మీ ఇంట్లో ఫలానాది ఉందా అని కాగితం పట్టుకుని అడిగితే, ఎంత లేనివాడైనా ఉందనే అంటాడు. ఒక్క పూటకి ఇస్తారా అని అడుగు. అప్పుడు తెలుస్తుంది ఆ ఇంట్లో ఎంత మిగులుందో. పేదరికమంటే లేకపోవడం కాదు బావమరిదీ, మిగలకపోవడం."

మాట బాగానే ఉంది. కానీ దిగువ వీధికి వెళ్ళినప్పుడు ఆయన పద్ధతి పూర్తిగా అదుపు తప్పేది. ఎగువ వీధిలో నిచ్చెన తెచ్చిన మనిషి, దిగువ వీధిలో ఒక ఇంటి నుంచి ఇటుక తెచ్చారు. ఒక్క ఇటుక. ఇంకో ఇంటి నుంచి మూరెడు తాడు. చివరింట్లో ఉండే ముసలి తాపీమేస్త్రి దగ్గర ఏకంగా సలహా అరువు తెచ్చారు. మాట తప్పని మనిషి కనుక వారం తిరక్కుండా వెళ్ళి, "తాతా, మీ సలహా వాడుకున్నాను. బ్రహ్మాండంగా పనిచేసింది. ఇదిగో, తిరిగి ఇచ్చేద్దామని వచ్చాను" అన్నారు. తాత గంభీరంగా పుచ్చుకున్నాడు.

ఇలా ఉండగా పైనుంచి ఒక సర్వే వచ్చిపడింది. ఏ ఇంట్లో ఏమేమి ఉన్నాయో గళ్ళలో టిక్కు పెట్టుకుపోయే సర్వే. దానికి కూలికి కుదిర్చిన మనుషులు వీధి మధ్యలో నిలబడి, "ఏమమ్మా, మీ ఇంట్లో ఏమేం లేవు?" అని ఊరంతా వినబడేలా కేకేశారు. ఫలితాలు వచ్చాక మా కార్యాలయం నివ్వెరపోయింది. దిగువ వీధిలో ప్రతి ఇంట్లోనూ కుట్టుమిషను ఉంది. ప్రతి ఇంట్లోనూ బల్లమీది ఫ్యాను ఉంది. దిగువ వీధి దరిద్రం ఎప్పుడు వదిలిపోయిందో మాకెవరికీ తెలియనే లేదు.

దాంతో ఆ ఏటి ప్రణాళిక మారిపోయింది. ఉన్న నిధులు ఒక్క కొత్త నీటిపైపుకు మాత్రమే సరిపోతాయి. దిగువ వీధిలో ఒక్క కొళాయి లేదు. ఆడవాళ్ళు మిల్లు గోడ చుట్టూ తిరిగి, వాలు దిగి, అక్కడి ఉమ్మడి కొళాయి దగ్గర వరసలో నిలబడి, నిండు బిందెతో మళ్ళీ వాలెక్కి రావాలి. అయినా సంపన్న వీధి కనుక జాబితాలోంచి ఎగిరిపోయింది. పైపు ఎగువ వీధిని ఆనుకున్న తోటవీధికి ఖాయమైంది. తోటవీధిలో ఇంటింటికీ కొళాయి ఉంది. ఇది పూలమొక్కలకు.

బావగారు ఫలితాల కాగితాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూశారు.

"ఇన్ని కుట్టుమిషన్లుంటే ఊరందరి బట్టలూ అక్కడే కుట్టాలి కదోయ్. మరి నా చొక్కాకి గుండీ కుట్టేవాడు దొరక్క చస్తున్నానేం?"

"సర్వే పైవాళ్ళది బావగారూ. నగరపాలక సభలో పెట్టేశారు కూడా. ఇక వదిలెయ్యండి."

"ఆ పైపు దిగువ వీధికి రాకపోతే నేను ఈ కుర్చీలో కూర్చుని చేసేదేముంది?" అని లేచారు. ఆ లేవడంలో కుర్చీ వెనక్కి పడింది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

నేనూ వెంట వెళ్ళాను. మొదటింటి ఆవిడ వాకిట్లోనే కుట్టుమిషను వేసుకుని కూర్చుంది. చక్రానికి ఎర్రరంగు, బల్లకి ఒక మూల చెక్క ఊడి ఉంది. వీధంతా ఆవిణ్ణి మిషనమ్మ అంటారు.

"అమ్మా, ఈ మిషను ఒక్కరోజు అరువిస్తారా?"

"అయ్యో, ఇవాళ పనుంది బాబూ. రేపు తీసుకెళ్దువుగాని."

రెండో ఇంట్లో కాసేపు కూర్చుని మూడో ఇంటికి వెళ్ళాం. అక్కడా గుమ్మంలో కుట్టుమిషను. చక్రానికి ఎర్రరంగు. బల్లకి మూల చెక్క ఊడి ఉంది. దాని పక్కన ఇద్దరు ఆడవాళ్ళు, కొండ తవ్వి వచ్చినట్టు రొప్పుతూ నిలబడ్డారు.

"బావగారూ! ఇది ఆ మిషనే! పెరటిదారిన మోసుకొచ్చారు!" అని నేను ఆయన చెవిలో గుసగుసలాడాను.

"లోకంలో ఎర్రచక్రం మిషను ఒక్కటే ఉంటుందా ఏమిటి?" అని ఆయన ఇంటావిడవైపు తిరిగి, "అమ్మా, ఆ దండెం తాడు ఒక పూట ఇస్తారా?" అన్నారు.

ఫ్యాను కూడా అదే దారిలో మాకంటే ముందుగా నడుస్తున్నదని నాకు ఐదో ఇంటి దగ్గర బోధపడింది. ఊరి ముందు చులకన కాకూడదని సర్వే రోజున మొదలుపెట్టిన ఊరేగింపు అది. ఆఫీసువాళ్ళు ఎప్పుడొచ్చినా చూపించాలి కనుక పాపం ఆపలేకపోతున్నారు.

"ఇంకేం, దొరికింది ఆధారం! రేపు సభలో మిషను ఒక్కటేనని చెప్పేయండి. పైపు మనదే" అన్నాను దారిలో.

"చెప్పను."

"చెప్పకపోతే పైపెలా వస్తుంది?"

"అది ఆలోచిస్తున్నాను. నువ్వు ఆ తాడు ఇలా పట్టుకో."

మర్నాడు సభకు ఆయన ఒక పటం పట్టుకొచ్చారు. పాత గోడపత్రికల వెనకవైపు అంటించి గీసిన ఊరు అది. ప్రతి ఇంటికీ ఒక రంగు. నిచ్చెనలూ రంపాలూ ఇచ్చిన ఇళ్ళు ఆకుపచ్చ, చిన్నచిన్న వస్తువులిచ్చినవి పసుపు, ఇటుకలూ తాళ్ళూ ఇచ్చినవి ఎరుపు. తోటవీధి పచ్చగా కళకళలాడుతోంది. దిగువ వీధి కాగితం కాలినట్టు ఎర్రగా ఉంది. పేట మొత్తానికి సగటు తీసినప్పుడు ఎగువ వీధి పచ్చదనం కింద ఈ ఎరుపు ఎలా మునిగిపోతుందో, వీధివీధికీ విడదీస్తే ఎలా పైకి తేలుతుందో ఆయన చక్కగా విప్పి చెప్పారు. సభ్యులు చక్కగా ఆవలించారు.

దిగువ వీధి ఆడవాళ్ళు వెనక బెంచీల మీద కూర్చున్నారు. వాళ్ళ మధ్యలో మిషనమ్మ.

అధ్యక్షులవారు భారీ మనిషి. కుర్చీలో సర్దుకుని, "ఇదంతా సరేనయ్యా. ఆ వీధిలో ఇంటింటికీ కుట్టుమిషను ఉందని సర్వే చెప్తోంది. ఉందా, లేదా? ఒక్క మాటలో చెప్పు" అన్నారు.

వెనక బెంచీలు గాలి పీల్చడం మానేశాయి. మిషనమ్మ తల దించుకుంది. నాకు నోరు దురద పెట్టింది. బావగారు నా కాలు తొక్కారు.

"ఉందండి. ప్రతి ఇంట్లోనూ కుట్టుమిషను ఉంది. నేను కళ్ళారా చూశాను."

"మరి ఇంకేం!"

"కుట్టుమిషను తిప్పితే నీళ్ళు రావు కదండీ."

సభ నవ్వింది. అధ్యక్షులవారు నవ్వలేదు. "నీ అరువుల విద్యతో ప్రణాళికలు వేస్తే ఊరు బాగుపడ్డట్టే! ఏదీ, మాక్కూడా నేర్పు చూద్దాం" అన్నారు వెటకారంగా.

"చిత్తం. పదండి. పది అడుగులే" అన్నారు బావగారు, పటం చుట్టి చంకలో పెట్టుకుంటూ.

అక్కడ పత్రికా విలేకరి ఒకడు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. వాడు కాలు దించి కలం తీశాడు. అధ్యక్షులవారికి లేవక తప్పలేదు.

దిగువ వీధిలో బావగారు ఆయన చెవిలో నియమం చెప్పారు. "ఏ ఇంట్లోనైనా ఒక ఖాళీ బిందె అరువడగండి. ఇస్తారు. కానీ మన శాఖలో ఒక ఆచారం ఉందండి. తీసుకున్న వస్తువు తీసుకున్నదానికంటే మెరుగ్గా తిరిగి ఇవ్వాలి."

"అంటే?"

"ఖాళీ బిందె కదండీ. నింపి ఇవ్వాలి."

మిషనమ్మ తన బిందెల్లోకెల్లా పెద్దది ఏరి మరీ ఇచ్చింది. అధ్యక్షులవారు మిల్లు గోడ చుట్టూ తిరిగారు. వాలు దిగారు. వరసలో నిలబడ్డారు. "నేనెవరో తెలుసా?" అని ముందుకు పోబోతే, "ఎవరైతేనేం, నా వెనక నిలబడు" అని ఒక ముసలమ్మ మోచేత్తో వెనక్కి నెట్టింది. తిరిగి వాలెక్కేటప్పుడు బిందె ఒకసారి కుడి భుజం మీద, ఒకసారి ఎడమ భుజం మీద, చాలాసార్లు నేలమీద ఉంది. విలేకరి పక్కనే నడుస్తూ, "ఈ అనుభూతిని రెండు మాటల్లో చెప్పండి సార్" అంటే ఆయన చెప్పిన రెండు మాటలూ పత్రికలో రాలేదు.

బిందె గుమ్మం ముందు దించేసరికి సగం నీళ్ళు ఆయన బట్టల్లోనే ఉన్నాయి. మిషనమ్మ లోపలికి తొంగి చూసి, "సగమే ఉన్నాయి బాబూ" అంది.

"ఇంకోసారి వెళ్ళాలాండీ?" అని బావగారు వినయంగా అడిగారు.

అక్కర్లేకపోయింది. ఆ సాయంత్రమే పైపు దిగువ వీధికి మారింది. తీర్మానం చదివే శక్తి కూడా లేక అధ్యక్షులవారు చెయ్యి ఊపారు. పైగా ఇకనుంచి ఏ పేటలో ఏ పని పెట్టాలన్నా సగటు చూసి కాక, వీధివారీ పటం చూసి పెట్టాలని ఇంకో తీర్మానం కూడా అయింది. సభ్యులెవరూ ఎదురుచెప్పలేదు. బిందె వాళ్ళకీ రావచ్చు.

కందకం తవ్వి పైపులు దించేది మా విభాగమే కనుక నేను దిగువ వీధిలోనే మకాం పెట్టాను. ఒక మధ్యాహ్నం మిషనమ్మ గుమ్మంలో కూర్చుని కుడుతుంటే, నేను చెప్పుల్లో మట్టి దులుపుకుంటూ, "మా బావగారి పిచ్చి వల్ల ఈసారికి మేలే జరిగిందమ్మా. కానీ ఇటుక అరువడగడమేమిటి? సలహా అరువేమిటి? లోకంలో ఎవరైనా అడుగుతారా?" అన్నాను.

ఆవిడ చక్రం ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"అంత చదువుకున్నావు, ఇన్నాళ్ళు వెనకే తిరిగావు, నీకు తెలీలేదా నాయనా? మీ బావ ఏ గుమ్మంలోకొచ్చినా ముందు ఇల్లంతా ఒకసారి కళ్ళతో చూసుకునేవాడు. ఉన్నదే అడిగేవాడు. ఇటుక ఒక్కటే కనబడితే ఇటుక. ఏదీ కనబడని ఇంట్లో సలహా. ఈ వీధిలో ఒక్క ఇల్లాలి నోటా ‘లేదు’ అన్న మాట రానియ్యలేదు."

నేను దులుపుకుంటున్న చెప్పు చేతిలోనే ఉండిపోయింది.

"మరి మిషను సంగతి? అదీ ఆయనకి తెలిసినట్టు మీకు తెలుసా?"

"తెలీకపోవడమేం! సర్వే అయ్యాక, నువ్వూ మీ బావా రాకముందు, మీ ఆఫీసువాళ్ళు ఆయన్ని వెంటబెట్టుకుని ఓసారి తనిఖీకొచ్చారు చూడు, ఆవేళ వాళ్ళు పక్కింట్లో ఉండగానే మేమిద్దరం దీన్ని పెరటి గడప దాటించలేక మధ్యలో ఇరుక్కుపోయాం. అటు పోదు, ఇటు రాదు. మీ బావ వాళ్ళని అక్కడే మాటల్లో పెట్టి, చల్లగా పెరట్లోకొచ్చాడు. ప్రాణం పోయిందనుకో నాకు. ఆయన మొహం గోడవైపు తిప్పేసుకుని, వెనక్కి చెయ్యి చాపి బల్ల అంచు పట్టుకున్నాడు. ‘నేనేమీ చూడలేదమ్మా. ఎక్కడ దించమంటారు?’ అన్నాడు."