పాయ దాటని పిల్ల

మా లంకలో ఐదో తరగతి పాసైతే సరిపోదు. హైస్కూలుకి వెళ్లాలంటే పడవెక్కి అవతలి గట్టుకి పోవాలి. పడవెక్కాలంటే ముందు వేసవిలో, ఊరంతా చూస్తుండగా, గోదావరి పాయ ఈది దాటాలి. దాటిన పిల్లల్ని చూసి దేవసహాయం తాత "ఊఁ" అంటేనే పడవవాడు ఎక్కించుకునేవాడు. ఎవరి పిల్లలైనా సరే, అంతే.

తాత కొబ్బరి దింపు చేసేవాడు. పొద్దున్నంతా చెట్లెక్కి కాయలు దింపి, ఎండ చల్లబడగానే మొలలోతు నీళ్లలో నిలబడేవాడు. పీచు తీయని ఎండుకాయలు రెండు జతగా కట్టి, పిల్లల పొట్ట కింద పెట్టి తోసేవాడు. మా నాన్నకీ నాకూ ఈత నేర్పింది ఆయనే. నేను ఏడిస్తే, "ఇంకా ఏడువు నాన్నా, గోదాట్లో నీళ్లు తక్కువయ్యేయి" అనేవాడు. రైతుల పిల్లలైనా పేట పిల్లలైనా చెవి పట్టుకుని ముంచడంలో తేడా చూపించేవాడు కాదు.

ఎనభై నాలుగు చివర్లో కృపారావు మేష్టారింటికి టీవీ వచ్చింది. సరుగుడు వాసం మీద యాంటెన్నా, తెర మీద సగం చుక్కలే. అది చాలనట్టు అమలాపురం నుంచి వీడియో కూడా అద్దెకి తెచ్చేవారు. మరుసటి వేసవిలో గట్టు మీద బిళ్లంగోడు ఆగిపోయింది. చెడుగుడు ఆడే చోట గడ్డి మొలిచింది. తాత నీళ్లలో నిలబడితే దిగేందుకు ఒక్క పిల్లా లేదు. నాకు ఒళ్లు మండిపోయేది. నేనూ పోయి చూసేవాణ్ణే, అది వేరే సంగతి.

తాత మనవరాలు మరియమ్మ ఆ ఏడే ఐదు పాసైంది. తల్లి పోయాక తాత దగ్గరే పెరిగిన పిల్ల. అది కూడా టీవీ ముందు నుంచి కదిలేది కాదు. తాత మేష్టారింటికి వెళ్లి వాకిట్లో నిలబడ్డాడు.

"మేష్టారండీ, బడి తెరిచేలోగా పిల్లలకి ఈత రావాలండి. ఓ గంట పంపండి."

"ఆయ్, తప్పకుండా తాతగారూ. ఈ బొమ్మ అవనివ్వండి."

బొమ్మ ఎప్పటికీ అవలేదు.

ఓ సాయంత్రం టీవీలో ఈత పోటీలు చూపించారు. పిల్లలంతా గచ్చు మీద బోర్లా పడుకుని చేతులూ కాళ్లూ ఆడించారు. అందరికన్నా మరియమ్మే బాగా ఆడించింది. మేష్టారి భార్య పాపాయమ్మ మురిసిపోయి చప్పట్లు కొట్టింది.

"నాకు ఈతొచ్చేసింది తాతా" అంది మరియమ్మ ఇంటికెళ్లి.

"నీళ్లలో చూపించు" అన్నాడు తాత. రేపు చూపిస్తానంది.

జూన్‌లో బడి తెరిచారు. తాత ఒక్కరికీ ఊఁ అనలేదు. పెద్దలంతా ఆయన ఇంటి మీదికి వచ్చారు.

"ఈ రోజుల్లో ఇంకా ఈ పట్టింపులేంటండీ? పిల్లల చదువు పాడైపోద్ది కదండీ" అన్నారు మేష్టారు. మరియమ్మ పుస్తకాల సంచీ తగిలించుకుని ఏడుపు లంకించుకుంది. తాత ఊఁ అనలేదు, ఊఁహూఁ అనలేదు. మర్నాడు రేవులో పక్కకి తప్పుకున్నాడు. పిల్లలతో పడవ కదిలింది. ఒక్కరికీ ఈత రాదు కదా అని నేను పక్కనున్నవాళ్లతో అంటే నవ్వారు.

జూలైలో ఎర్రనీరు వచ్చింది. పాయ వెడల్పయింది, రేవు మెట్లు ఒక్కొక్కటే మునిగాయి. తాత దింపు మానేసి, బడి వదిలే వేళకి రేవులోనే కాచుక్కూర్చునేవాడు. ఓ సాయంత్రం పిల్లలతో వస్తున్న పడవ ఈ గట్టుకి కాస్త దూరంలో, కొట్టుకొచ్చిన మానుకి తట్టుకుని ఆగిపోయింది.

"కదలకండర్రా! నేనొస్తన్నా!" అని అరిచాడు తాత.

మరియమ్మ పడవలో లేచి నిలబడింది. "తాతా, చూడూ!" అని దూకేసింది.

ఆ పిల్ల మొహంలో భయం లేదు. గట్టు మీంచి నేను చూశాను. గచ్చు మీద ఆడించినట్టే చేతులు ఆడించింది. ఒకసారి మునిగి తేలింది, రెండోసారి తల కనపడలేదు. తాత దూకి వెతికి వెతికి, దిగువ రేవులో ఎత్తుకుని పైకొచ్చాడు. అప్పటికే అంతా అయిపోయింది. పడవలో ఉన్న పిల్లలు మాత్రం కదలకుండా కూర్చుని క్షేమంగా గట్టు చేరారు.

మర్నాటి నుంచి తల్లులు పిల్లల్ని గట్టు ఎక్కనివ్వలేదు. నీళ్ల జోలికి పోకండి, వీధిలో పరుగులొద్దు, బుద్ధిగా కూర్చుని టీవీ చూసుకోండి, ఇదే మాట ఇంటింటా. వినీ వినీ నాకు పిచ్చెక్కిపోయేది.

మళ్లీ వేసవి వచ్చింది. అది ఎనభై ఆరు, ఆగస్టులో వచ్చిన పెద్ద వరద ఇంకా రాలేదు. తాత నీళ్లలో నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. తడిబట్టలతోనే గడప గడపకీ తిరిగి, చివరికి మేష్టారింటికొచ్చాడు. పాపాయమ్మ గుమ్మంలోనే చేతులు జోడించింది.

"ఎలా పంపమంటారండీ తాతగారూ? మీ అంతటి ఈతగాడి మనవరాలే మునిగిపోయింది కదండీ!"

"అది నా దగ్గర నేర్చుకోలేదమ్మా" అన్నాడు తాత.

పాపాయమ్మ అప్పటికే పిల్లల్ని లోపలికి తోలి తలుపు వేసుకుంది.