సీజర్ కడుపూ నా కన్ఫర్మేషనూ

ఆ రోజుల్లో ఉద్యోగం నిలబెట్టుకోవడానికి పని రావాల్సిన అవసరం అంతగా ఉండేది కాదు. జేబులో అగ్గిపెట్టె ఉంటే చాలు. ఉక్కు ఫ్యాక్టరీ కట్టడానికి కావలసిన ఇనుప సామాను తయారుచేసే ఓ చిన్న కంపెనీలో, ఆటోనగర్‌లో, నేను గుమాస్తాగా చేరినప్పుడు మొట్టమొదట నేర్చుకున్న విద్య అదే. మా మేనేజరుగారి దగ్గర సిగరెట్లు ఎప్పుడూ ఉండేవి, అగ్గిపెట్టె ఎప్పుడూ ఉండేది కాదు. సిగరెట్టు నోట్లో పెట్టుకుని, కాగితాల మీంచి తలెత్తకుండా కుడిచెయ్యి చాచేవారు. ఆ చేతిలో ఎవరి అగ్గిపెట్టె ముందు పడితే వాడి ఫైలు ముందు కదిలేది. అందువల్ల మా సెక్షన్లో పొగ తాగని వాళ్ళందరి జేబుల్లోనూ అగ్గిపెట్టెలుండేవి. (తాగేవాళ్ళు మా దగ్గర అడుక్కునేవారు.) చాటున ఆయన్ని పొగబండి అనుకునేవాళ్ళం. ఎదురుగా మాత్రం "సార్" తప్ప మరో మాట రాని పసివాళ్ళం.

నా ఆరు నెలల ప్రొబేషన్ అయిపోయింది. కన్ఫర్మేషన్ కాగితం పొగబండిగారి సొరుగులో సంతకం కోసం పడి ఉంది. అవతల కృష్ణా జిల్లాలో మా నాన్న, నా ఉద్యోగం పర్మనెంటయిపోయిందని ఊరంతా చెప్పేసుకుని, రెండు సంబంధాలు కూడా తిరగ్గొట్టేశాడు. అలాంటి సమయంలో ఒకరోజు మేనేజరుగారు గదిలోంచి బయటికొచ్చి, "మీలో కుక్కల్ని పెంచినవాళ్ళు ఎవరయ్యా?" అన్నారు. "మా ఇంట్లో నాలుగుండేవి సార్" అన్నాను. (చిన్నప్పుడు ఒకే కుక్క నన్ను నాలుగుసార్లు తరిమింది. ఆ లెక్క చెప్పాను.) మర్నాడు ఆయన కుటుంబంతో సహా బావమరిది పెళ్ళికి వెళుతూ, రెండు నెలల అల్సేషియన్ పిల్లని నా చేతుల్లో పెట్టారు. పేరు సీజర్. "వీడి కడుపు కాస్త సున్నితమోయ్. ఎనిమిది రోజులు జాగ్రత్తగా చూడు. నేనొచ్చాక నీ కాగితం సంగతి చూద్దాం" అన్నారు. సీజర్ వెంటనే నా చొక్కా తడిపాడు.

గాజువాకలో మేం ముగ్గురం ఒక గదిలో ఉండేవాళ్ళం. ఒకడు గోదావరి జిల్లావాడు, లోకంలో ఏ జబ్బుకైనా నెయ్యే మందని నమ్మేవాడు కాబట్టి నేతిబాబు అనేవాళ్ళం. రెండోవాడు శ్రీకాకుళం వైపువాడు, అందరినీ బావా అనేవాడు కాబట్టి అందరికీ బావే. నేతిబాబుది ఉదయం షిఫ్టు, బావది మధ్యాహ్నం షిఫ్టు, నాది ఆఫీసు వేళ. ఫ్యాక్టరీలో షిఫ్టు మారేటప్పుడు ఒకరికొకరు ఏ పని ఎంతవరకు అయిందో చెప్పి మరీ దిగుతారు. సీజర్ విషయంలో ఆ పద్ధతి పెట్టుకోవాలని ముగ్గురిలో ఒక్కడికీ తోచలేదు. ఎవడు గదిలోకొచ్చినా సీజర్ పుట్టిన దగ్గర్నుంచీ మెతుకు చూడనివాడిలా కాళ్ళకి చుట్టుకుని ఏడ్చేవాడు. ఆ కళ్ళు చూసి అబద్ధమని ఎవడనగలడు? నేతిబాబు గేదెపాలూ ముద్దపప్పూ నెయ్యీ పెట్టేవాడు. బావ ఎండుచేపల పులుసులో అన్నం కలిపి పెట్టేవాడు. నేను వచ్చే దారిలో బజ్జీలు కొనేవాణ్ణి. మూడు జిల్లాలూ ఆ గుప్పెడు పొట్టలో కలుసుకున్నాయి.

రెండోరోజు పొద్దున్నకి గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. నా చాపా, నేతిబాబు లుంగీ, బావ కొత్త చెప్పులూ, దేన్నీ వాడు చిన్నచూపు చూడలేదు. "పాలు పడలేదు" అని నేను, "పులుసు పడలేదు" అని నేతిబాబు, "నెయ్యి బావా నెయ్యి! నాను ముందే సెప్పినాను" అని బావ. ఎవడి తిండి తప్పని వాడు ఒప్పుకోలేదు కాబట్టి ఎవడూ పెట్టడం మానలేదు. పైగా విరేచనాలు కట్టడానికని అరటిపళ్ళు మొదలుపెట్టాం. ముగ్గురం విడివిడిగా పెట్టామని తర్వాత తెలిసింది. మూడోరోజు పూర్తిగా బిగిసిపోయింది. సీజర్ పెరట్లో నడుం వంచి కూర్చుని, గాల్లోకి చూస్తూ, వట్టి చేతులతో తిరిగొచ్చేవాడు. నేతిబాబు ఆముదం తెచ్చాడు. ఆ తర్వాతి కథ మా ఇంటి ఓనరు మామ్మ తులసికోట దాకా వెళ్ళింది.

నాలుగో రోజు సీజర్ లేవలేదు. పిలిస్తే తోక చివర మాత్రం ఒకసారి కదిలింది. కళ్ళు లోపలికి పోయాయి. అప్పటిదాకా నాకు కనబడుతున్నది సొరుగులో కాగితమే. ఆ క్షణంలో మాత్రం, నన్ను నమ్మి మూడురోజులు నేను పెట్టిందల్లా తిన్న ఆ ప్రాణం నా చేతుల్లోనే పోతుందేమోనని నిజంగా భయపడ్డాను. ఏడ్చాను కూడా. నా ఏడుపు విని మామ్మ వచ్చింది.

"ఏటి బావూ, ఏటి సేసినారు ఈ గుంటణ్ణి?" అంది. ఏమేం పెట్టామో వరసగా చెప్పాం. ఆవిడ నోటి మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మో! పసిగుంట కడుపురా అది, పెళ్ళివారి గుండిగ కాదు. పూటకో కూడు మారిస్తే మీకైనా అరుగుతాదేటి? ఎల్లండి, ముందు డాట్రుకాడికెల్లండి!"

బావ సెలవు పెట్టాడు. ఇద్దరం సీజర్ని తువ్వాల్లో చుట్టుకుని బస్సెక్కి మద్దిలపాలెం దగ్గర ఓ పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన సూది వేసి, ఏదో పొడి ఇచ్చి, మమ్మల్ని కళ్ళజోడు మీంచి చూసి, "రోగం దీనిలో ఉందో మీలో ఉందో తేలాలి. మెత్తటి అన్నం కొంచెం కొంచెంగా, మంచినీళ్ళు, అంతే. నాలుగు రోజులాగి శాంపిల్ పట్రండి" అన్నారు. తిరిగొచ్చేసరికి మామ్మ సీజర్ గిన్నె తీసుకెళ్ళి తన వంటింట్లో పెట్టేసుకుంది. "మీరు ముగ్గురూ ఈ గడప తొక్కినారంటే ఊరుకోను" అంది. పూటకి గుప్పెడు గంజన్నం, ఒకే వేళకి, ఒకే చేత్తో. మా ముగ్గురి పనీ వాడికేమీ పెట్టకుండా ఉండటం. ఉద్యోగంలో నేను చేసిన అతి కష్టమైన పని అదే.

ఎనిమిదో రోజు పొద్దున్న సీజర్ పెరట్లోకి వెళ్ళి కూర్చున్నాడు. మేం ముగ్గురం, మామ్మా ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. లేచాడు. చూశాం. "సూడు బావా, ఎంత సక్కగుందో!" అన్నాడు బావ. నేతిబాబు నన్ను కౌగిలించుకున్నాడు. శాంపిల్ని ఖాళీ అగ్గిపెట్టెలో భద్రంగా పెట్టి (ఆ రోజుల్లో మనుషులవైనా అలాగే తీసుకెళ్ళేవాళ్ళం), భోజనాల వేళ డాక్టరుకిద్దామని చొక్కా జేబులో వేసుకుని ఆఫీసుకి వెళ్ళాను.

మర్నాడు రావలసిన పొగబండిగారు ఆ రోజే సీట్లో ఉన్నారు. పిలుపొచ్చింది. వెళ్ళాను. సిగరెట్టు నోట్లో ఉంది, తల కాగితాల్లో ఉంది, చెయ్యి చాచి ఉంది. ఆరు నెలల సాధన ఊరికే పోతుందా? నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళి, దొరికిన పెట్టె తీసి ఆయన చేతిలో పెట్టేసింది. ఆయన తెరిచారు. అప్పుడు తలెత్తారు.

"సీజర్ది సార్... పొద్దుటిది" అన్నాను. ఆయన నోట్లోంచి సిగరెట్టు తీశారు. పెట్టెని కిటికీ వెలుతురు వైపు తిప్పారు. ఇంకాస్త దగ్గరగా పట్టుకుని చూశారు. "గట్టిగా ఉందే!" అన్నారు. ఆ గొంతులో అంత ఆనందం నేనెప్పుడూ వినలేదు. "మా ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ వాడికి ఒక్కరోజు ఇలా రాలేదయ్యా. మా ఆవిడ బిస్కట్లు, పిల్లలు ఐస్‌క్రీములు... ఏం పెట్టావోయ్?" "ఏమీ పెట్టలేదు సార్" అన్నాను, ఉన్నమాట. ఆయన దాన్ని వినయం అనుకున్నారు. సొరుగు తెరిచి కాగితం తీసి, "బాధ్యత గల మనిషి" అని ఒక ముక్క కూడా రాసి సంతకం పెట్టారు.

ఆ సాయంత్రం సీజర్ని అప్పగించి వస్తుంటే, వాడు గేటు దాకా వచ్చి, పుట్టిన దగ్గర్నుంచీ మెతుకు చూడనివాడిలా మళ్ళీ ఏడ్చాడు. జేబులో బజ్జీ ఉంది. పెట్టలేదు. నేను వాడి మీద చూపించిన అసలు ప్రేమ అదొక్కటే. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేశాను, వేల ఫైళ్ళు రాశాను, ఎందరో అధికార్లు చదవకుండానే సంతకాలు పెట్టారు. నేను చేతికిచ్చినదాన్ని తెరిచి, వెలుతురులో పట్టుకుని చూసి, బాగుందని మెచ్చుకున్నవాడు మాత్రం పొగబండిగారొక్కరే.