ఎత్తు లేని ఊళ్ళో లోయిస్ పరుగు

కలకత్తాలో మనిషి నడవడానికే దారి దొరకదు, ఇక పరిగెత్తడానికి ఎక్కడ దొరుకుతుందని సాల్మన్ రాజు భార్యను అడిగి అడిగి విసిగిపోయాడు. అడిగినప్పుడల్లా లోయిస్ ఏదో ఒక రోడ్డు పేరు చెప్పేది. రెండు వారాలు తిరక్కుండానే ఆ రోడ్డును తిట్టి ఇంకో రోడ్డు పేరు చెప్పేది. ఆ రోడ్లన్నిటి మీదా ఆమె వెనకాల సైకిలు తొక్కాల్సింది తనే కాబట్టి, అతనికి ఊళ్ళోని ప్రతి గుంతా పరిచయమైపోయింది.

వాళ్ళది గార్డెన్ రీచ్‌లో పోర్టు క్వార్టరు. సాల్మన్ రాజు తాత భీమిలి వైపు నుంచి ఓడపనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. సాల్మన్ రాజు ఖిదిర్‌పూర్ డాకులో, ఓడల సరుకు దించే క్రేను నడిపేవాడు. లోయిస్ అతని తల్లి రోజమ్మకు తమ్ముడి కూతురు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగి, పెళ్ళి చేసుకుని అత్త ఇంటికే వచ్చింది. వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఆ మాట ఎత్తడం అందరూ ఎప్పుడో మానేశారు. లోయిస్ మెటియాబ్రుజ్ దర్జీల దగ్గర నుంచి చొక్కాల మూటలు తెచ్చుకుని ఇంట్లో కూర్చుని కాజాలు తీసేది, బొత్తాలు కుట్టేది.

పరుగు సంగతి పోర్టు వాళ్ళ వార్షిక ఆటల పోటీల్లో మొదలైంది. ఉద్యోగుల భార్యలకు ఒక చుట్టు పరుగు పందెం పెట్టారు. లోయిస్ చీర కుచ్చిళ్ళు దోపుకుని పరిగెత్తింది. పందెం ఎక్కడ ఆగాలో ఆమెకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. గీత దాటి, ఎవరో చప్పట్లు కొడుతుంటే ఇంకా గట్టిగా పరిగెత్తి, మరో చుట్టు కూడా వేసేసింది. మైదానమంతా నవ్వింది. రోజమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. సాల్మన్ రాజు తన చెప్పులకేసి చూసుకుంటూ నిలబడ్డాడు.

నవ్వనివాడు కోదండం ఒక్కడే. వయసులో ఉన్నప్పుడు పోర్టు జట్టు తరఫున పరిగెత్తినవాడు, అప్పటికి రిటైరవడానికి దగ్గర పడ్డాడు. ఆయన దగ్గరికొచ్చి అలుపొచ్చిందా అమ్మా అని అడిగాడు. లోయిస్ ఆలోచించి, రాలేదంది. తనకు ముప్పై ఆరేళ్ళు వచ్చాయని, ఇన్నేళ్ళలో ఒళ్ళు అలిసిపోయేదాకా పరిగెత్తే అవసరం ఒక్కసారీ రాలేదని ఆమెకు అప్పుడే తట్టింది. అది ఆమెకు బాగా చిరాకు కలిగించింది.

ఆ చలికాలమంతా కోదండం ఆమెకు నేర్పాడు. పరుగంతా ఒకటే రకం కాదన్నాడు. వారంలో ఒక రోజు నెమ్మదిగా చాలా దూరం పోవాలి. ఒక రోజు కొద్ది దూరమే అయినా ఊపిరి అందనంత వేగంగా పోవాలి. ఒక రోజు ఎత్తు ఎక్కాలి. మోకాళ్ళ కింద ఎముక నొప్పెడితే గట్టి రోడ్డు వదిలేసి గడ్డి మీద పరిగెత్తాలి. ఇవన్నీ చెప్పి, రిటైరై శ్రీకాకుళం వెళ్ళిపోయాడు. ఆయన చెప్పిన పరుగులకు తగ్గ రోడ్లు వెతుక్కోవడం లోయిస్ వంతైంది.

కోడలు చీకట్లో ఒంటరిగా రోడ్డు మీద పరిగెత్తడానికి వీల్లేదని రోజమ్మ ఖండితంగా చెప్పింది. పరిగెత్తొద్దని మాత్రం అనలేదు. అందువల్ల రాత్రి డ్యూటీ దిగి వచ్చిన సాల్మన్ రాజు, కళ్ళు మూతలు పడుతుండగా మళ్ళీ సైకిలెక్కేవాడు.

వేగంగా పరిగెత్తడానికి లోయిస్ ముందు డాకు గోడ పక్క రోడ్డు ఎంచుకుంది. తిన్నగా ఉంటుంది, మలుపులు లేవు. కానీ ఆ దారిలో డాకు వంతెన ఉంది. ఓడ లోపలికి రావాలంటే వంతెన పైకి లేస్తుంది. లోయిస్ ఊపందుకుని వంతెన దగ్గరికి వచ్చేసరికి గంట మోగేది, గేటు పడేది. లారీలు, రిక్షాలు, చేపల బుట్టలవాళ్ళ మధ్య ఆమె రొప్పుతూ నిలబడేది. ఓడ పెళ్ళికూతురిలా మెల్లగా కదిలి పోయేసరికి ఒళ్ళంతా చల్లబడిపోయేది. ఇలా నాలుగైదు సార్లయ్యాక ఆమె ఓడలను కూడా తిట్టడం మొదలుపెట్టింది.

గడ్డి కోసం ఊరి నడుమ పచ్చిక బయలైన మైదాన్ దాకా వెళితే అక్కడ మరో గొడవ. ఈ వారం ఒక పార్టీ సభ, పై వారం ఇంకో పార్టీ సభ. తెల్లవారకముందే జిల్లాల నుంచి లారీల్లో జనం దిగి, గడ్డి మీద పొయ్యిలు పెట్టుకుని కిచిడీ వండుకునేవారు. సభ అయిపోయాక మిగిలేది బురద, పొట్లాం కాగితాలు, వెదురు బొంగులు పాతిన గుంతలు. ఒకసారి గుంతలో కాలు పడి లోయిస్ బోర్లా పడింది. ఇన్ని ఊరేగింపుల మనుషులు ఒక్క గుంత పూడ్చలేరా అని ఆమె అడిగితే, తానూ యూనియన్ మనిషే కాబట్టి సాల్మన్ రాజు వినపడనట్టు బెల్లు కొట్టుకుంటూ ముందుకు పోయాడు.

అన్నిటికన్నా పెద్ద సమస్య ఎత్తు. కలకత్తా పళ్ళెంలా చదునుగా ఉంటుంది. ఎక్కడానికి మిట్ట అన్నది లేదు. వెతగ్గా వెతగ్గా మాజేర్‌హాట్ దగ్గర రైలు పట్టాల మీదుగా పోయే వంతెన దొరికింది. దాని మీదికి ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. లారీల పొగ నేరుగా ముక్కులోకి కొట్టేది. మూడో వారం అక్కడి పోలీసు కానిస్టేబులు ఆమెను ఆపి, దీదీ, రోజూ ఏం పోగొట్టుకుని వెతుకుతున్నావని బెంగాలీలో అడిగాడు. ఏమీ పోలేదని చెప్పినా నమ్మక, ఆ రోజంతా తనూ వంతెన అంచులు చూస్తూ తిరిగాడట.

దూరం పరుగుకు ఆదివారం తప్ప వేరే రోజు కుదిరేది కాదు. ఆదివారం లారీలుండవు. అయితే ఖిదిర్‌పూర్‌లో తెలుగువాళ్ళ ఆరాధన ఉదయం తొమ్మిదింటికి. లోయిస్ దానికీ ఉపాయం కనిపెట్టింది. వేకువనే బయలుదేరి, మైదాన్ చుట్టి, పరుగు చర్చి గుమ్మం దగ్గర ముగించేది. చీర సంచి సైకిలు హ్యాండిలుకు వేలాడేది. వెనక గదిలో బట్టలు మార్చుకుని, ముఖం కడుక్కుని వచ్చి పాటలో కలిసేది.

సంఘపెద్ద దయానందానికి ఇది నచ్చలేదు. ట్రాకు పంట్లాంతో, చెమటలు కక్కుతూ ఆడకూతురు దేవుని మందిరంలోకి రావడం ఏమిటని ఒకనాడు ఆరాధన అయ్యాక అందరి ముందూ అడిగాడు. లోయిస్ ముఖం ఎర్రబడింది. సాల్మన్ రాజు మళ్ళీ చెప్పులకేసి చూసుకున్నాడు. మాట్లాడింది రోజమ్మ.

"సెమటతో రాకూడదంటే డాకు పనోళ్ళెవరూ గుడికి రాకూడదు బాబూ. నువ్వూ నేనూ తప్ప ఇక్కడెవరుంటారు?"

దయానందం ఇంటికెళ్ళి ఆలోచించుకుని, పై వారం ఒక తీర్పు చెప్పాడు. లోయిస్ రావచ్చు, కానీ ఆఖరి బల్ల మీద, తలుపు పక్కన కూర్చోవాలి. మందిరం మొత్తానికి గాలి వచ్చే చోటు అదొక్కటే. లోయిస్ కృతజ్ఞతలు చెప్పి అక్కడ కూర్చుంది.

ఇలా రెండేళ్ళు గడిచాయి. తొంభై నాలుగు చివర్లో ఒక క్లబ్బువాళ్ళు ఆడవాళ్ళకు రోడ్డు పరుగు పెడుతున్నట్టు గోడల మీద కాగితాలు అంటించారు. హుగ్లీ మీద కొత్తగా కట్టిన పెద్ద వంతెన ఎక్కి, అవతల కొస దాకా వెళ్ళి, తిరిగి మైదాన్‌కు రావాలి. ఊళ్ళో అంతకన్నా ఎత్తు లేదు. మామూలు రోజుల్లో ఆ వంతెన మీద మనుషులను నడవనివ్వరు. అంటే పందెం రోజు తప్ప దాని మీద కాలు పెట్టే వీల్లేదు. లోయిస్ పేరిచ్చింది. ఇక ఇంట్లో కాజాలు కుట్టేటప్పుడు కూడా వంతెన మాటే.

డిసెంబరులో ఒక రోజు బంద్ వచ్చింది. బంద్ రోజు కలకత్తా రోడ్లు చూడాలి. ట్రాము లేదు, బస్సు లేదు. పిల్లలు నడిరోడ్డు మీద ఇటుకలు పేర్చి క్రికెట్ ఆడుకుంటారు. లోయిస్ తెల్లవారకుండానే తయారైంది. సాల్మన్ రాజు రానన్నాడు. బంద్‌కు పిలుపిచ్చింది తన యూనియన్‌వాళ్ళే కాబట్టి గేటు దగ్గర కనబడాలన్నాడు. పార్క్ సర్కస్ దాకా వెళ్ళి తిరిగి వచ్చేస్తానని చెప్పి, అత్త నిద్ర లేవకముందే లోయిస్ ఒంటరిగా బయలుదేరింది.

పార్క్ సర్కస్ వచ్చింది. కానీ ఆమెకు తిరగబుద్ధి కాలేదు. రెండేళ్ళలో మొదటిసారి ఎవరూ అడ్డం రాని రోడ్డు దొరికింది. ఊరి అంచున పోయే బైపాస్ మీదికి వెళ్ళిపోయింది. ఇటు చేపల చెరువులు, అటు పొలాలు, మధ్యలో ఆమె ఒక్కతే. జెండాలు పట్టుకుని కూర్చున్న కుర్రాళ్ళు ఎక్కడికి దీదీ అని అడిగితే, ఎక్కడికీ కాదని చెప్పింది. నిజమే కాబట్టి వాళ్ళకు ఏం చెయ్యాలో తోచక వదిలేశారు. సాల్ట్ లేక్ దరిదాపుల్లోకి వచ్చాక కుడి పిక్క పట్టేసింది. కాలు నేల మీద ఆనలేదు.

చెల్లెలు జెరూషా సాల్ట్ లేక్‌లోనే అద్దెకుంటుంది కాబట్టి సరిపోయింది. కుంటుకుంటూ వాళ్ళింటికి చేరింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు, టాక్సీల్లేవు. ఇంటి యజమాని ఫోను నుంచి క్వార్టర్స్ మూలనున్న మందుల షాపుకు కబురు చెప్పించారు. రేపటిదాకా ఉండి వస్తానని లోయిస్ చెప్పమంది. ఆ కబురు రోజమ్మ చెవిన పడేసరికి, లోయిస్ కాలు విరిగి బైపాస్ మీద పడి ఉందన్నట్టు మారిపోయింది.

మధ్యాహ్నం దాటాక సాల్మన్ రాజు సైకిలు మీద జెరూషా వాళ్ళ గుమ్మం ముందు దిగాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. దారిలో మూడు చోట్ల ఆపారట. యూనియన్ మనిషివై ఉండి బంద్ రోజు ఎక్కడికి పోతున్నావని తన యూనియన్‌వాళ్ళే నిలదీశారట. లోయిస్ రెండు కాళ్ళ మీద నిలబడి ఉండడం చూసి అతనికి ఊరట కలగాల్సింది. కలగలేదు, ఒళ్ళు మండింది. అన్నం తినమని జెరూషా ఎంత బతిమాలినా తినలేదు. నీళ్ళు తాగి, ఎక్కు అన్నాడు.

లోయిస్ సైకిలు వెనక కూర్చుంది. బైపాస్ ఎక్కాక అతనే, వెనక్కి తిరక్కుండా అడిగాడు.

"నీకేటి కావాలే లోయిస్? పేపర్లో పేరు పడాలా? కప్పు కావాలా? సెప్పు, బజార్లో కొనిచ్చెత్తాను."

"నాకు కప్పొద్దు బావా. నానెక్కడికెళ్ళినా అది ఇంకొకరి పనే. మెటియాబ్రుజ్ ఎల్తే బొత్తాల కోసం, బజారుకెల్తే అత్త కోసం, ఖరగ్‌పూర్ ఎల్తే ఎవరిదో పెళ్ళి. ఈ పరుగు దారి ఒక్కటే నాకు నాను ఏరుకున్నాను. అదీ ఈ ఊరు సరిగ్గా ఇవ్వదు. ఇవాళ ఇచ్చింది. అందుకే ఎల్లిపోనాను."

సాల్మన్ రాజు తొక్కుతూనే ఉన్నాడు. వీధిలో క్రికెట్ ఆడుతున్న పిల్లలు బంతి ఆపి వాళ్ళకు దారిచ్చారు.

"ఆ ముక్క పొద్దున్నే సెప్పుంటే, టైర్లో గాలైనా కొట్టించుకుని వొచ్చుందును," అన్నాడు చివరికి.

వారం తిరిగేసరికి పిక్క నయమైంది. మళ్ళీ వేగం పరుగు మొదలుపెట్టబోతుంటే, రేపు డాకు రోడ్డు వద్దు, పొద్దున్నే ఓడ వస్తుందని సాల్మన్ రాజు అన్నాడు. ఎలా తెలుసని లోయిస్ అడిగింది. నదిలో పోటు చూసి ఓడలు లోపలికి తెస్తారని, ఏ రోజు ఏ వేళకు వంతెన లేస్తుందో క్రేనువాళ్ళకు ముందురోజే చెబుతారని అతను చెప్పాడు. లోయిస్ చేతిలో సూది ఆగిపోయింది. రెండేళ్ళుగా ఆ గేటు దగ్గర నిలబడి ఓడల్ని తిట్టింది ఆమె. పక్కనే సైకిలు పట్టుకుని నిలబడింది ఇతను.

"మరి సెప్పలేదేటి?"

"నువ్వడగలేదు కదా," అన్నాడు సాల్మన్ రాజు. ఆ రాత్రి లోయిస్ అన్నం పళ్ళెం అతని ముందు టప్పున పెట్టింది. అయితే ఆ రోజు నుంచి వంతెన గేటు ఆమెకు అడ్డం పడలేదు.

పందెం జనవరిలో, మంచు కమ్మిన ఒక ఆదివారం నాడు. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి చాలాసేపు మాట్లాడాడు. చలికి ఆడపిల్లలందరూ కాళ్ళు తపతప కొట్టుకుంటూ నిలబడ్డారు. ఎక్కువమంది ఆటల జట్లలో శిక్షణ పొందిన ఇరవయ్యేళ్ళ అమ్మాయిలే. మొదట వాళ్ళందరూ లోయిస్‌ను దాటిపోయారు. వంతెన ఎత్తు మొదలయ్యాక వాళ్ళ అడుగులు చిన్నవయ్యాయి. లోయిస్ అడుగు మారలేదు. మాజేర్‌హాట్ పొగ పీల్చిన ఊపిరితిత్తులకు నది గాలి పండగలా ఉంది. ఒక్కొక్కరినే దాటుకుంటూ పైకి ఎక్కింది. నడిమధ్యకు వచ్చాక కింద నది మంచులో కనబడలేదు, ఓడ కూత మాత్రం వినబడింది. దిగేటప్పుడు కొందరు మళ్ళీ ఆమెను దాటారు. చివరికి ఏడోదానిగా వచ్చింది. గీత దాటి ఆగింది. అలుపొచ్చింది. మైదాన్ గడ్డి మీద వెల్లకిలా పడుకుని, అలుపొచ్చింది బావా అని సాల్మన్ రాజుకు చెప్పింది. అతను పక్కన కూర్చుని ఆమె బూట్ల లేసులు విప్పాడు.

పరిగెత్తిన అందరికీ ప్రశంసాపత్రాలిచ్చారు. ఆమె పత్రం మీద శ్రీ లూయిస్ రాజు అని మగవాడి పేరు రాశారు. మార్పించుకోవాలంటే వారం రోజుల తర్వాత ఆఫీసుకు రమ్మన్నారు. లోయిస్ వెళ్ళలేదు. రోజమ్మ మాత్రం దాన్ని అద్దం కట్టించి, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించి, చదవడం వచ్చినవాళ్ళు పేరు తప్పుందని చెబితే కోప్పడేది.

ఆ తర్వాత ఇంకో ఎనిమిదేళ్ళు లోయిస్ పరిగెత్తింది. క్వార్టర్స్‌లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఆమెతో చేరారు. వాళ్ళందరికీ ఏ రోజు ఏ రోడ్డో ఆమే చెప్పేది. వాళ్ళ ముందు సాల్మన్ రాజు ఓడల వేళలు ప్రకటించేవాడు. కొన్నాళ్ళకు ఆమె మోకాళ్ళు మొరాయించాయి. డాక్టరు పరుగు మానేసి నడవమన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్ళో వరసగా ఫ్లైఓవర్లు లేచాయి. కొత్తగా తెరిచిన ఒకదాని మీదుగా బస్సులో వెళుతూ, నున్నటి ఎత్తు మెల్లగా పైకి సాగడం లోయిస్ కిటికీలోంచి చూసింది. ఇదేదో పదేళ్ళ ముందు కట్టి చావొచ్చు కదా అని పైకే అంది. ముందు సీట్లో ఉన్న బెంగాలీ పెద్దాయన తెలుగు రాకపోయినా వెనక్కి తిరిగి, అవునవునని తల ఊపాడు.