ఒకటో నంబర్ కాఫీ

కాఫీ కొట్టుకు దారి చూపడానికి యాప్ ఎందుకే అని కోరుట్లలో నన్ను ఎగతాళి చేయనివాళ్లు లేరు. మా దిక్కు ఏ సందులోకి తిరిగినా చాయ్ దొరుకుతుంది, నిజమే. కాఫీ దొరికితే చెప్పండి. అందుకే పంతం పట్టి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో మంచి కాఫీ ఎక్కడుందో చెప్పే యాప్ తయారుచేశాను. పెద్ద అక్షరాలు, అంతా తెలుగు, బొమ్మ నొక్కితే దారి. దాన్ని చూసుకుని నాకు నేనే మురిసిపోయాను.

సిరిసిల్లలో నాకు దొరికిన మొదటి మనిషి రాజేశం కాక. ఇరవై ఏళ్లు భీవండిలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. అక్కడ పక్కనున్న ఉడిపి హోటల్లో డికాక్షన్ తీయడం నేర్చుకుని, ఊరికొచ్చి కాఫీ కొట్టు పెట్టాడు. మొదట్లో ఆ చేదు ఎవరికీ నచ్చలేదట. భీవండిలో ఆయనతో ఒకే గదిలో ఉన్న మల్లన్న ఒక్కడే రోజూ వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరిని లాక్కొచ్చి తాగించి, సాంచాల వాళ్లందరికీ అలవాటు చేశాడు. "ఆడు లేకపోతె మల్ల సాంచాలే నాకు గతి," అనేవాడు కాక.

రోడ్డు వెడల్పులో ఆ కొట్టు పోయింది. వెనక గల్లీలో ఇంటి ముందు గదిలోకి మారాడు. అక్కడికి ఎవరొస్తారు? "నీ ఫోన్ల నన్ను పెట్టు బిడ్డా. నేనింక ఉన్ననని మందికి తెల్వాలె," అన్నాడు. పెట్టాను.

వారం తిరక్కముందే మల్లన్న పదహారు మందిని వెంటేసుకొచ్చాడు. అందరూ కాఫీ తాగి, ఎవరి ఫోన్లో వాళ్లు స్టార్లు నొక్కారు. ఏం పెట్టినవ్‌రా అని కాక అడిగితే, నువ్వే చూసుకో అని నవ్వి వెళ్లిపోయాడట మల్లన్న. పదిహేడు మందీ నొక్కింది ఒక్కటే స్టార్. రెండుకు తగ్గితే కొట్టు జాబితాలోంచి పోవాలన్న నియమం నాదే. నొక్కినవాళ్ల పేర్లు అందరికీ కనబడాలన్నదీ నేనే. కాక కొట్టు జాబితాలోంచి పోయింది.

ఆయన ఫోన్ చేసేసరికి నేను ఒక బటన్‌కు ఏ రంగు వేయాలా అని తల బద్దలు కొట్టుకుంటున్నాను.

"ఒక్క స్టార్ అంటే ఏంది బిడ్డా?"

"అస్సలు మంచిగ లేదన్నట్టు కాకా. ఐదుంటే బాగున్నట్టు."

"ఎవలు పెట్టిండ్రు?"

"మొదలు మల్లన్న అని ఉంది. తర్వాత..."

"ఇగ సాలు," అని పెట్టేశాడు. నేను మళ్లీ రంగుల్లో పడ్డాను. ప్రాణస్నేహితుడు అలా ఎందుకు నొక్కుతాడని ఒక్క నిమిషం ఆలోచిస్తే నా సొమ్మేం పోయేది? ఆలోచించలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఈ రోజుకీ నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

మూడు నెలల తర్వాత, యాప్‌ను మార్చి రాసి, జగిత్యాల బస్టాండ్ దగ్గర జనంతో నొక్కించి చూస్తున్నాను. లసుమవ్వ అని ఒక పెద్దావిడ కాఫీ తాగి, పానం లేచొచ్చిందంటూనే ఒక్క స్టార్ నొక్కింది.

"గంత మంచిగుంటే ఒకటే నొక్కినవేంది అవ్వా?"

"ఒకటో నంబర్ గదా బిడ్డా. నా మనుమరాలు బడిల ఒకటో నంబర్. ఐదో నంబర్ అంటే ఎనుకబడ్డట్టు గాదా?"

పదిహేడు మంది. ఒకటో నంబర్. అప్పటికప్పుడు సిరిసిల్ల బస్సెక్కాను.

కాక ముందు గదిలో ఊరికే కూర్చుని ఉన్నాడు. పొయ్యి లేదు, గ్లాసులు లేవు. నేను గడపలోనే మొదలుపెట్టాను. లసుమవ్వ మాటలు చెప్పాను, తప్పంతా నాదేనన్నాను. "మల్లన్న కాక నిన్ను ఒకటో నంబర్ అన్నడు కాకా. పా, గాయన ఇంటికి పోదాం," అన్నాను. నా సంతోషం చూడాలి అప్పుడు.

కాక భార్య సమ్మవ్వ లోపల్నుంచి వచ్చింది.

"ఇంకేడి మల్లన్న. గుండె ఆగి నెల అయితాంది. గంతకు ముందు రెండుసార్లు ఇంటికచ్చిండు, నేనేం జేసిన్రా అని అడిగిండు. ఈయన మొకం తిప్పుకున్నడు."

నా నోరు పడిపోయినా బాగుండేది. నిజం తెలియకుండా ఉంటే ఆయనకు కోపమైనా మిగిలేది. ఇప్పుడు అదీ తీసేశాను.

కాక నా వైపు చూశాడు.

"పాడె గీ గల్లీ మూల మీదనే దించిండ్రు బిడ్డా. దింపుడు కల్లం. పానముంటె లేస్తడని చెవుల పేరు పెట్టి పిలుస్తరు గదా. తమ్ముడు పిలిచిండు, అల్లుడు పిలిచిండు. కొడుకు ఉరుక్కుంట నా కాడికచ్చిండు. 'కాకా, నువ్వు పిలిస్తె మా బాపు పలుకుతడేమో, ఒక్కసారి రా' అని కాళ్లు పట్టుకున్నడు."

సమ్మవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

"'బజార్ల నా ఇజ్జత్ తీసినోన్ని నేనెందుకు పిలువాలె' అన్న. కూసున్న కాడికెంచి లేవలే, బిడ్డా."