వెనక్కి పిలవని గొంతు

సరోజిని గొంతు తెలియనివాళ్ళు పోర్ట్‌బ్లెయిర్‌లో తక్కువ. సరోజిని తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ. దీవుల మధ్య తిరిగే బోట్లు ఎక్కడానికి జెట్టీకి వచ్చిన వాళ్ళందరూ ఆ గొంతు వింటారు. ఏ బోటు ఎన్ని గంటలకు, ఏ గేటు నుంచి, ఎవరి సామాను దారికి అడ్డంగా ఉంది, అన్నీ ఆవిడే మైకులో హిందీలో చెబుతుంది. డ్యూటీ దిగి జంగ్లీఘాట్‌లో తన ఒంటి గదికి చేరాక, మర్నాడు పొద్దున మళ్ళీ మైకు పట్టుకునేదాకా ఆ నోటికి పనుండదు. ముప్ఫై ఆరేళ్ళు. పెళ్ళి లేదు, ఇంట్లో పలకరించే ప్రాణి లేదు. ఇరుగుపొరుగు మంచివాళ్ళే. ఆవిడే తలుపు దగ్గరగా వేసుకుంటుంది.

జూన్‌లో ఆ మైకుకే ముప్పు వచ్చింది. ఒకావిడ నాలుగేళ్ళ పిల్లను బోటులో కూర్చోబెట్టి, నీళ్ళ సీసా కొనడానికి దిగింది. ఈలోగా తాళ్ళు విప్పేశారు. గేటు దగ్గరి మనిషి పరిగెత్తుకొచ్చి, “దీదీ, బోటు ఆపమని చెప్పు, జల్దీ!” అని అరిచాడు. మైకు సరోజిని చేతిలోనే ఉంది. ఒక్క మాట చాలు. ఆవిడ అద్దంలోంచి కదిలిపోతున్న బోటును చూస్తూ కూర్చుంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పిల్ల తర్వాతి ట్రిప్పులో క్షేమంగానే తిరిగొచ్చింది. కానీ గట్టు మీద ఆ తల్లి ఏడ్చిన ఏడుపు జెట్టీ అంతా విన్నది, ఒక్క సరోజిని తప్ప. ఆ పది నిమిషాలు ఆవిడకు జరగనే లేదు.

సూపర్‌వైజరు రామ్‌ప్రసాద్ మంచివాడు. అందుకే మెమోతో పాటు సలహా కూడా ఇచ్చాడు.

“దేఖో సరోజినీ, ఎవరికైనా చూపించుకో. ఇంకోపాలి ఇలాగైతే మైకు తీసేసి ఫైళ్ళ గదిలో కూకోబెడతారు. నా చేతిలో ఏటీ ఉండదు.”

ఫైళ్ళ గదిలో రోజంతా నోరు విప్పే పనుండదు. ఉన్న ఆ కాస్త మాటా పోతే ఇక తను మనిషిననే సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఊళ్ళోనే మిడిల్ పాయింట్ అనే చోట ఒక మందుల షాపు మేడ మీద సైకోథెరపిస్టు కళ్యాణి గది. విశాఖ నుంచి వచ్చిన మనిషి. ప్రతి గురువారం యాభై నిమిషాలు. బిళ్ళలు రాసిస్తుందనుకుని వెళితే, కుర్చీ చూపించి ఏది తోస్తే అది మాట్లాడమంది. ఏం మాట్లాడాలో తెలియక సరోజిని మొదటి వారం బోట్ల టైములు చెప్పింది. పాపం, ఆవిడకు తెలిసినవి అవే.

ఐదో వారం తండ్రి సంగతి వచ్చింది. అదీ అనౌన్స్‌మెంటులాగే, హిందీలో, ఎక్కడా తడబడకుండా చెప్పేసింది.

అప్పుడు ఆవిడకు తొమ్మిదేళ్ళు. తల్లి పురిట్లోనే పోయింది. ఇంట్లో నాన్న నూకన్న, నాయనమ్మ కాళమ్మ, తను. ఒక రోజు తెల్లవారుతుండగా నాన్న తన ఇంజను పడవ డింగీని నీళ్ళలోకి తోసుకుని చేపల వేటకు బయలుదేరాడు. అదనంగా తీసుకెళ్ళే డీజిల్ డబ్బా, పసుపుపచ్చది, గట్టు మీదే ఉండిపోవడం పిల్ల చూసింది. “నా...” అనేసరికి వెనక నుంచి నాయనమ్మ చెయ్యి వచ్చి నోరు మూసేసింది.

“ఎల్లేవోణ్ణి ఎనకాల నుంచి పిలుత్తారేటే!”

బయలుదేరిన మనిషిని, అందులోనూ సముద్రం మీదికి వెళ్ళే మనిషిని, వెనక నుంచి పిలిస్తే కీడు అని వాళ్ళ నమ్మకం. ముసలామె డబ్బాను చూడలేదు. చూసేసరికి డింగీ కనుచూపు దాటిపోయింది. నూకన్న తిరిగి రాలేదు. డింగీ దొరకలేదు. చమురు అయిపోయి కొట్టుకుపోయాడో, మరేమయిందో ఎవరికీ తెలియదు. ఆ డబ్బాను కాళమ్మ మంచం కిందికి తోసింది. ఆమె పోయేదాకా, పదిహేనేళ్ళు, నాయనమ్మా మనవరాలూ ఆ మంచం మీదే పడుకున్నారు. ఒక్కనాడూ ఇద్దరిలో ఎవరూ డబ్బా మాట ఎత్తలేదు.

“ఇది చెబుతుంటే మీకేమనిపిస్తోంది?” అని అడిగింది కళ్యాణి.

“కుఛ్ నహీఁ మేడమ్. ఏమీ అనిపించడం లేదు. ఎవరిదో కథలా ఉంది.”

అది అబద్ధం కాదు. కళ్యాణి మెల్లగా చెప్పింది. “మీరు మరిచిపోలేదు సరోజినిగారూ. ఓదార్చే మనిషి ఒక్కరు లేక ఆ పిల్ల తనను తానే రెండుగా చేసుకుంది. ఒకతె ఆ గట్టు మీదే నిలబడిపోయింది. ఇంకొకతె బతకడానికి ఇటు వచ్చేసింది. ఎవరైనా వెళ్ళిపోతుంటే, వెనక్కి పిలవాల్సి వస్తే, మీరు ఇక్కడ ఉండరు. దీన్నే డిసోసియేషన్ అంటాం. అప్పుడు అదే మిమ్మల్ని కాపాడింది.”

“ఇప్పుడు నా మైకు ఊడబెరుకుతోంది,” అంది సరోజిని.

పేరు తెలిసినంత మాత్రాన రోగం కుదిరితే డాక్టర్లకు పనేముంది? వారాలు గడిచాయి. సెప్టెంబరు చివరి గురువారం, “మళ్ళీ పదహారో తారీఖునే. మూడు వారాలు ఊరికి వెళుతున్నాను,” అంది కళ్యాణి. ఆ తర్వాత సరోజినికి ఫ్యాను రెక్కలు ఒక్కటే గుర్తు. తెలివి వచ్చి చూస్తే గడియారంలో పావుగంట గడిచిపోయింది. కళ్యాణి ఎదురుగానే కూర్చుని ఉంది.

“మీరు ఎదురుగా ఉండే అలా ఎటో వెళ్ళిపోయినప్పుడల్లా నాకూ మగతగా కళ్ళు మూతపడతాయి,” అంది కళ్యాణి. “ఈ గదిలో నన్నొక్కదాన్నే వదిలేసినట్టుంటుంది. ఆ పిల్లకు ఇలాగే ఉండేదేమో.”

సరోజిని తెల్లబోయింది. తన ఒంటరితనం ఇంకొకరికి తగులుతుందని ఆవిడ ఏనాడూ అనుకోలేదు.

ఆ రోజు వచ్చినవాళ్ళలో సరోజినే ఆఖరు. కళ్యాణి గదికి తాళం వేసింది. ఇద్దరూ మెట్లు దిగారు. “వెళ్ళొస్తాను,” అని కళ్యాణి ఆటోల వైపు నడిచింది. షాపు ముందు నిలబడి ఆ వీపును చూస్తుంటే సరోజినికి కాళ్ళు తనవి కాకుండా పోతున్నాయి. రోడ్డు మీద చప్పుడు దూరమైపోతోంది. పెదాల మీద ఉప్పుచేపల వాసన, నాయనమ్మ అరచేతి వాసన. చెంగు పిడికిట్లో బిగించి పట్టుకుంది.

“మేడమ్!”

ఆ పిలుపు మైకులో పలికే జెట్టీ గొంతుతోనే వచ్చింది. రోడ్డంతా తిరిగి చూసింది. కళ్యాణి వెనక్కి వచ్చింది.

“ఏమైనా మరిచిపోయానా?”

“ఏటీ లేదు. పిలిచాను, అంతే.”

కళ్యాణి నవ్వలేదు. “విన్నాను,” అంది. “పదహారున వస్తాను.”

ఆ మూడు వారాలు సరోజిని పడ్డ భయం ఇంతా అంతా కాదు. వెళ్ళే మనిషిని వెనక నుంచి పిలిచింది! విమానం చప్పుడైతే చాలు, పళ్ళెంలో చెయ్యి ఆగిపోయేది. చెప్పుకుందామంటే ఎవరున్నారు? జెట్టీలో ఇప్పుడు బేబీరాణి అనే కొత్తమ్మాయిని పక్కన కూర్చోబెట్టారు. మైకు ఉంచుతారో తీసేస్తారో ఆఫీసు ఇంకా తేల్చలేదు. సరోజినికి దాని మీద ధ్యాసే లేదు. క్యాలెండరు మీదే ఉంది.

పదహారున గంట ముందే వెళ్ళింది. గది తలుపు తెరిచే ఉంది. లోపల కళ్యాణి తడిగుడ్డతో కుర్చీ తుడుస్తోంది. కొంచెం నల్లబడింది. బతికే ఉంది.

సరోజిని కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడిపోయింది. కానీ మనసు ఎక్కడికీ వెళ్ళిపోలేదు. నోరు తెరిస్తే ఈసారి హిందీ రాలేదు.

“నాన్నా! డబ్బా... డబ్బా మర్సిపోనావు నాన్నా!”

కింద మందుల షాపులోకి కూడా వినిపించే ఉంటుంది. ఇరవై ఏడేళ్ళు గొంతులో ఆగిన కేక అది. గడప మీద కూలబడి చంటిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. కళ్యాణి వచ్చి పక్కనే నేల మీద కూర్చుంది. ఊరుకోమని అనలేదు. ఈసారి ఆ నోటిని ఎవరూ మూయలేదు.