కుడిచేతి మీద తెలుపు

కాలిన చర్మం తెల్లబడితే దాన్ని బొల్లి అనరు. ఈ ఒక్క ముక్క మా ఊళ్లో ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. టీ కొట్టు దగ్గర చెప్పాను, పాల కేంద్రం దగ్గర చెప్పాను, గుడి ముందు చెప్పులు విప్పుకుంటున్నవాళ్లను ఆపి మరీ చెప్పాను. అందరూ “అవునండీ, నిజమేనండీ” అన్నవాళ్లే. ఆ అన్నవాళ్లే మా ఇంటికొచ్చి, మా కోడలు మంచినీళ్ల గ్లాసు పట్టుకొస్తే “వద్దమ్మా, ఇప్పుడే తాగొచ్చాం” అనేవారు. ఎక్కడ తాగొచ్చారయ్యా, మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క పంటబోదె!

మాది పూతరేకుల ఊరు. గోదావరి గట్టు దిగగానే రోడ్డు వెంబడి షెడ్లు. పొయ్యి మీద కుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకు మంట పెడతారు. రుబ్బిన బియ్యప్పిండిని పాలలా పల్చగా కలిపి, అందులో గుడ్డ ముంచి, రెండు చేతులా పట్టుకుని కుండ వీపు మీద పరిచి లాగుతారు. గుడ్డ లాగిన మరుక్షణం రేకు లేస్తుంది. కార్లలో వచ్చేవాళ్లు కొనేముందు కాసేపు నిలబడి ఇది చూస్తారు, ఫోన్లలో వీడియోలు తీసుకుంటారు. అందుకే మంచి పనిమంతురాలిని షెడ్డులో ముందు కుండ దగ్గర కూర్చోబెడతారు. మా కోడలిది ముందు కుండ. ఆమె తీసిన రేకు దీపానికి అడ్డం పెడితే అవతల దీపం దాగేది కాదు.

రెండేళ్ల కిందట ఒక పొద్దున్న, కుండ కొత్తది కావడంతో నూనె గుడ్డతో తుడుస్తుండగా మంట ఎగిసి గుడ్డనందుకుంది. విదిలించబోతే అది కుడిచేతికి చుట్టుకుంది. మణికట్టు నుంచి వేళ్ల గణుపుల దాకా చేతి వెనకభాగమంతా కాలింది. పక్క కుండల వాళ్లు పిండిపాల బిందె ఎత్తి చేతిమీద కుమ్మరించారు. రాజమండ్రి పెద్దాసుపత్రిలో కొన్నాళ్లు కట్లు కట్టారు. మా అబ్బాయి లారీలో రొయ్యల లోడు వేసుకుని వెళితే వారం పది రోజులకు గానీ ఇంటికి రాడు. కాబట్టి ఆసుపత్రికి తిప్పింది నేనే. ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడిందీ నేనే. నా భార్య పోయాక వంట నేర్చుకున్నాను. “చేతికి విశ్రాంతి కావాలమ్మా, నువ్వు పొయ్యి దగ్గరికి రాకు” అన్నాను.

గాయం మానింది. కొత్త చర్మం పాలలా తెల్లగా వచ్చింది. నాలుగు వారాల్లో రంగొస్తుందన్నారు. నాలుగు నెలలైనా రాలేదు.

షెడ్డుకు వెళ్లడం మొదలుపెట్టిన వారానికే కారు దిగిన ఒకావిడ షెడ్డు యజమానురాలిని పక్కకు పిలిచింది. “ఆ అమ్మాయి చేతికి ఏంటండీ అది? మాకు వెనకాల ఆవిడ తీసినవి ఇవ్వండి.” ఇది మా కోడలికి వినిపించింది. మర్నాడు ఆమెను వెనక కుండకు మార్చారు. ఆ తర్వాత పిండి రుబ్బడానికి పంపారు. పిండిలో కూడా చెయ్యి పెడుతోంది కదా అని ఎవరో అంటే, కొబ్బరాకు మోసే పనిచ్చారు. నేను వెళ్లి నిలదీశాను.

“నేనేమన్నా అన్నానాండీ బాబుగారూ? వచ్చేవాళ్లు అంటున్నారు. వాళ్ల నోరు నేను మూయగలనా?” అంది ఆవిడ.

“ఏడ్చినట్టుంది. కాలింది మీ కుండ మీదే కదమ్మా!”

“అది కాదంటున్నానా? తగ్గాక మళ్లీ ముందు కుండ ఆమెదే. ఒట్టు.”

ఎక్కడ తగ్గుతుంది? నాకు తెలుసు, తగ్గనిదాని గతేమిటో. మా అమ్మ చెల్లెలు ఒకావిడ ఉండేది, నా చిన్నప్పుడు. బెల్లం పాకం ఒలికి ఆమె అరచెయ్యి వెనక తెల్లబడింది. జీవితాంతం ఆవకాయ జాడీ ముట్టనివ్వలేదు. బంతిలో కూర్చోబెట్టలేదు. తన కంచం తనే కడుక్కుని పెరటి అరుగు మీద బోర్లించుకునేది. ఒకసారి నాకు అరిసె ఇచ్చింది. దాన్ని వీపు వెనక పట్టుకుని, కాలవ దాకా నడిచి, నీళ్లలో పడేశాను. తిరిగి చూస్తే పిన్ని గట్టుమీద నిలబడి ఉంది. మళ్లీ నాకేమీ ఇవ్వలేదు. అప్పుడు నాకు ఏడేళ్లుంటాయేమో. ఇప్పుడు డెబ్బై ఆరు. ఆ అరిసె తేలుకుంటూ వెళ్లడం నిన్న చూసినట్టే ఉంది.

నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. కాలవ లాకుల దగ్గర తలుపులెత్తే లస్కరుగా పనిచేసిన రోజుల్లో, పడవలు రాని వేళల్లో, దొరికిన కాగితమల్లా చదివాను. వైద్యం పుస్తకాలంటే మరీ ఇష్టం. ఆ చదువు నాకు గర్వం. దాంతోనే ఆ పని చేశాను. ఒక పాత పుస్తకంలో తెల్లమచ్చలకు బావంచాల గింజలు అని ఉంది. నూరి రాసి ఎండలో కూర్చోవాలట. ఆ మాట రాసింది బొల్లికి. కాలిన మచ్చ బొల్లి కాదని ఊరంతా తిరిగి చెప్పిన నేను, ఇంటికొచ్చి బొల్లి మందు నూరాను.

డాబా మీద ఆమె చెయ్యి చాపి కూర్చునేది. నేను గొడుగు నా నెత్తిన పట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి.

“మండుతోందండి మావయ్యగారండి.”

“మండనీ. మందు పనిచేస్తోందన్నమాట. ఇంకో పావుగంట.”

మూడో రోజు సాయంత్రానికి మచ్చంతా నీటి పొక్కులు. మర్నాటికి చితికి పచ్చిపుండు.

అప్పుడు వెళ్లాం రాజమండ్రి, చర్మం డాక్టరమ్మ దగ్గరికి. చిన్న వయసు మనిషి. చెయ్యి చూసి మొహం ముడిచింది. “ఎవరు పెట్టమన్నారమ్మా ఇది?”

నేను నోరు తెరిచేలోపే కోడలు అంది, “నేనే పెట్టుకున్నానండి.”

నేను నోరు మూసుకున్నాను. అంత మాట్లాడేవాణ్ణి, అక్కడ మూసుకున్నాను.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. చర్మంలో రంగు తయారుచేసే కణాలుంటాయి. కాలింది లోతైతే అవి చచ్చిపోతాయి. పక్కనున్నవి పాకి వద్దామన్నా గట్టిపడ్డ మచ్చ దారివ్వదు. ఏ పూత పూసినా లేనిదాన్ని మొలిపించలేదు. ఆరోగ్యంగా ఉన్న చోట పల్చగా చర్మం తీసి, అందులోని కణాలను విడదీసి, తెల్లబడ్డ చోట వేయాలి.

“నారు పోసి నాటినట్టాండీ?” అన్నాను.

“అలాగే అనుకోండి తాతగారూ. చిన్న మడిలో నారు, పెద్ద చేలో నాట్లు. కానీ చేను స్థిరపడాలి. గాయం పూర్తిగా మాని ఏడాదవ్వాలి. మొదటి గాయానికి అందులో సగం గడిచిపోయింది. ఇప్పుడీ కొత్త పుండుతో మళ్లీ మొదటి నుంచి.”

అంటే పోయిన నెలలు నా మూలంగా పోయాయి. తిరుగు బస్సులో కోడలు కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఒక్కసారైనా తిడుతుందేమోనని చూశాను. “టిఫిను ఏమన్నా తింటారా మావయ్యగారండి, బస్టాండులో దిగాక?” అంది.

ఆ ఏడాది ఆమె కొబ్బరాకు మోసింది. పేరంటాలకు పిలుపులు తగ్గాయి. పిలిచినచోట పసుపు వేరే ఎవరి చేతో రాయించేవారు. వదినె వరస ఒకావిడ “చేతికి రుమాలు చుట్టుకునైనా రావే” అందిట. ఆమె వెళ్లడం మానేసింది. ఇంట్లో వంట నేనే చేస్తున్నాను. నాకూ అలవాటైపోయింది.

ఆపరేషన్ రోజు నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. తొడ మీంచి ఉల్లిపొరంత పల్చగా కాస్త చర్మం తీశారు. దాన్ని మందు నీళ్లలో వేసి వెచ్చటి పెట్టెలో గంటసేపు ఉంచారు. డాక్టరమ్మ బయటికొచ్చి వేలెడు గాజు గొట్టం చూపించింది. అడుగున మసక నీళ్లు, బియ్యం కడిగినట్టు. “ఇదేనండీ మీ కోడలి రంగు.” తర్వాత తెల్లమచ్చ పైపొరను తిరిగే మిషనుతో నెత్తురు చుక్కలు కనబడేదాకా అరగదీసి, ఆ నీళ్లు పరిచి, పైన పొర వేసి కట్టు కట్టారు. చెయ్యి కదలకుండా చెక్క. సాయంత్రానికి ఇంటికి పంపేశారు.

వారం రోజులు ఆ చెయ్యి కదపకూడదు. కదిపితే వేసిన కణాలు పక్కకు జారిపోతాయట. కుడిచెయ్యి లేకపోతే అన్నం తినేదెలా? నేను ముద్ద కలిపితే తల పక్కకు తిప్పుకుంది. మావగారి చేతి ముద్ద తినడానికి సిగ్గు. ఎడంచేత్తో చెంచా పట్టుకుని గోడ వైపు తిరిగి తినేది. రాత్రిళ్లు నిద్రలో చెయ్యి కదులుతుందేమోనని మంచం పట్టెకు గుడ్డతో కట్టమంది. కట్టాను.

కట్టు విప్పితే ఎర్రగా, కొత్తగా పుట్టిన పిల్ల ఒంటిలా ఉంది. రంగు లేదు. నేను డాక్టరమ్మ మీద అరిచాను. ఆవిడ “ఆగండి తాతగారూ, నాటిన మర్నాడే కోతకెళతారా?” అంది. ఆగాం. నెలన్నరకు ఆవగింజంత మచ్చలు పుట్టాయి. అవి వెడల్పయ్యాయి, ఒకదాన్నొకటి అందుకున్నాయి. అయిదారు నెలలకు చేతి వెనక నిండింది. పక్క చర్మం కంటే ఒక పిసరు ముదురు. రెండు గణుపుల మీద మాత్రం రూపాయి బిళ్లలో సగమంత తెలుపు మిగిలిపోయింది. గణుపులు ఎప్పుడూ మడుచుకుంటూ ఉంటాయి కాబట్టి అక్కడ సరిగా పట్టదంది డాక్టరమ్మ.

షెడ్డు యజమానురాలు తనే మా ఇంటికొచ్చింది. ఆ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసింది. “చూశావా అమ్మాయ్, తగ్గింది. నేను నిన్నెప్పుడన్నా ఒక్క మాటన్నానా?” కోడలు “లేదండి” అంది. నాకు ఒళ్లు మండిపోయింది. వీధి దాకా వెంటబడి నాలుగు అన్నాను. ఆవిడ అన్నిటికీ తలూపి వెళ్లింది.

మర్నాడు కోడలు ముందు కుండ దగ్గర కూర్చుంది. కార్లవాళ్లు వీడియోలు తీసుకున్నారు. ఎవరూ ఏమీ అడగలేదట.

పొద్దు వాలాక వచ్చింది. చిరిగిన రేకులు పనివాళ్లకు ఇస్తారు, పొట్లం కట్టి తెచ్చింది. కాళ్లు కడుక్కుని, రేకుల మధ్య బెల్లం తురిమి, నెయ్యి చిలకరించి, మడిచి కంచంలో పెట్టి తెచ్చింది. కుడిచేత్తో. నేను తిన్నాను. తిన్నంతసేపూ గుమ్మం పట్టుకుని నిలబడింది.

“ఎలా ఉందండి?”

“బాగుందమ్మా. పనితనం ఎక్కడికీ పోలేదు.”

“రెండేళ్లయిందండి మావయ్యగారండి, మీరు నా చేత్తో పెట్టింది తిని.”

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. గాయం ఎప్పుడో మానింది. కొబ్బరాకు మోసిన చెయ్యి గరిటె తిప్పలేదా? ఏడాది పైగా ఆమె పొయ్యి వైపు వచ్చిన ప్రతిసారీ నేను అడ్డం నిలబడ్డాను.

“నీ చేతికి విశ్రాంతి అని కదమ్మా...”

“అవునండి,” అంది. కంచం తీసుకుని లోపలికెళ్లింది.

రాత్రికి బియ్యం కడగాల్సింది నేను. లేవలేదు. లోపల ఆమె కడుగుతున్న చప్పుడు వినిపించింది.