సలహా చెప్పని పెద్దమ్మ

వరంగల్ నుంచి నర్సంపేట పోయే బస్సులో ఒక పెద్దమ్మ నా పక్కన కూర్చుంది. ఇళ్లల్లో కష్టాలున్నవాళ్ల మాట విని తోడుండడానికి ఆమె పోయే చర్చిలో మామూలు సభ్యులకే శిక్షణ ఇస్తున్నారట. మర్నాడే ఆమె మొదటిసారి ఒక ఇంటికి పోవాలట.

"సలహా చెప్పొద్దు, నడుమ ప్రార్థన మొదలువెట్టొద్దు, ఊకె వినుమన్నరు బిడ్డా. నాకు గదే వస్తలేదు," అంది.

నేను బడి తొందరగా మానేశాను గానీ మాటలు మానలేదు. "నా మీద ప్రాక్టీస్ చెయ్యి పెద్దమ్మా. నా పెండ్లాం నాతోని మాట్లాడతలేదు," అన్నాను.

"ఎందుకట?"

"నా గురకకు పక్కింటి కుక్క గూడ జవాబిస్తాంది. గందుకేనేమో."

ఆమె నవ్వలేదు. ఏమీ అనకుండా నా మొహమే చూస్తూ కూర్చుంది. ఎదుటివాళ్లు అంతసేపు ఊరుకుంటే నేను తట్టుకోలేను.

"మొన్న ఆమెకు కడుపు పోయింది. ఏం మాట్లాడాల్నో తెల్వక దినాం జోకులేస్తాన," అని నోట్లోంచి వచ్చేసింది.

పెద్దమ్మ ఏదో చెప్పబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తను దిగాల్సిన గిర్నిబావి వచ్చేదాకా అట్లాగే ఉంది. లేచేటప్పుడు మాత్రం, "ఒక్కటే అడుగుత బిడ్డా. నీకు గూడ బాధైందని ఆమెకు ఎరుకేనా?" అంది.

ఆ రోజు అన్నం దగ్గర నేను జోకేయలేదు. జ్వరమేమోనని మా ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి పట్టుకుని, పోయిన బిడ్డ గురించి మొదటిసారి మాట్లాడాను.